జోడింపు గది సాక్షి

ఏడేళ్లు చాకిరీ చేయించుకుని ఒక్కనాడైనా "బాగా చేశావు" అనని కంపెనీ, ఇన్నాళ్లకు ఆమెను ఆకాశానికెత్తేసింది. ఎక్కడయ్యా అంటే, కోర్టులో. ఎందుకయ్యా అంటే, ఆమెను కేసులోంచి బయటికి గెంటడానికి.

లాయరమ్మ ఆ పిటిషన్ను కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని చదివింది. వీధిలో అందరూ లాయరమ్మ అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. వ్యాపార తగాదాలు ఆమె పని. భాగస్వాములు మొహం మొహం చూసుకోకపోయినా, పంపిన సరుకు పాడైపోయినా, ఒకడి వ్యాపార గుర్తును ఇంకొకడు వాడుకున్నా జనం ఆమె పనిచేసే ఆఫీసు మెట్లెక్కుతారు. ఇన్నేళ్లూ ఆ ఆఫీసు నడిపే సీనియర్ లాయరు పెద్దాయన వెనక కూర్చుని ఫైళ్లు అందించిన మనిషి, మొదటిసారి తన పేరు మీద, తనే నిలబడి వాదిస్తున్న కేసు ఇది. ఈ కేసుకోసం ఆమె పడ్డ తాపత్రయం చూసి, ఇంట్లో వాళ్లమ్మ "నిన్ను పెంచడానికి నేను కూడా ఇంత కష్టపడలేదే" అని ఎకసెక్కాలాడింది.

పిటిషన్లో ఇలా ఉంది: "ఈమె గతంలో మా కత్తెరల కర్మాగారంలో, జోడింపు గదిలో పనిచేశారు. ఈమెది సాటిలేని పనితనం. ఈమె చేతిలో పడ్డ కత్తెరను మళ్లీ పరీక్షించే అవసరమే ఉండేది కాదు. ఆ గదిలోని మెలకువలన్నీ ఈమెకు కరతలామలకం. మా రహస్యాలన్నీ తెలిసిన వ్యక్తి మా ప్రత్యర్థి తరఫున వాదించడం అన్యాయం. ఈమెను తప్పించాలి." ప్రమాణం చేసి సంతకం పెట్టింది ఎవరనుకున్నారు? మేనేజరు. ఆ రోజుల్లో ఆమె పేరు కూడా తెలియక "ఏయ్, మూడో బల్లా" అని పిలిచిన మహానుభావుడు.

"సాటిలేని" అన్న మాట దగ్గర లాయరమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. ఆ మాట అప్పుడే అని ఉంటే తను ఎంత పొంగిపోయేదో అనుకుంది.

కేసు సంగతి చెప్పాలంటే ముందు కత్తెర సంగతి చెప్పాలి. కత్తెర రెక్కలు రెండూ తిన్నగా ఉంటాయని మనమనుకుంటాం. తిన్నగా ఉంటే అది బట్టను కత్తిరించదు, నములుతుంది. ఒక్కో రెక్కకూ కంటికి ఆనీ ఆనని వంపుండాలి. మూసేటప్పుడు రెండూ ఒక్కచోటే తగలాలి, ఆ తగిలే చోటు స్క్రూ దగ్గర మొదలై మొనదాకా జారుతూ పోవాలి. ఆ వంపు యంత్రం వల్ల కాదు. ఇనుప దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో, ఏ జతకు ఆ జతగా తట్టి తేవాలి. వెలుతురుకెత్తి రెక్కల మధ్య సందు చూడాలి, చెవి దగ్గర ఆడించి చప్పుడు వినాలి. ఈ పని జరిగేది జోడింపు గదిలో. అక్కడ బల్లల ముందు కూర్చునేది అందరూ ఆడవాళ్లే. కంపెనీ లెక్కలో అందరూ హెల్పర్లే. ఎవరికి హెల్పర్లో ఆ దేవుడికే తెలియాలి, ఎందుకంటే ఆ గదిలో హెల్పర్లు తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు.

మొదటి బల్ల అక్కది. తోడబుట్టిన అక్క కాదు, గదిలో అందరికీ అక్క. చదువు మధ్యలో ఆగిపోయి పనిలో చేరిన పిల్లకు సుత్తి పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఆ పిల్ల సాయంత్రం కాలేజీలో చేరి లా చదువుతానంటే "నీకేమన్నా పిచ్చా" అని చెడామడా తిట్టి, మర్నాటి నుంచి ఆమె వంతు పని కూడా తనే ముగించి వేళకు పంపించిందీ ఆవిడే. పిల్ల లాయరమ్మ అయింది. చాలాకాలానికి అక్క కూడా కంపెనీ మానేసి, మార్కెట్ వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, పాత గదిలోంచి ఇంకొందరిని వెంటబెట్టుకుని సొంతంగా కత్తెరలు చేయడం మొదలుపెట్టింది. దర్జీలు ఎగబడ్డారు. కంపెనీకి కన్ను కుట్టింది.

కంపెనీ దావా ఏమిటంటే, జోడింపు మెలకువ తమ వ్యాపార రహస్యమట. తామే కనిపెట్టి, తామే నేర్పారట. అక్క దాన్ని దొంగిలించుకుపోయిందట. కాబట్టి విచారణ తేలేదాకా షెడ్డు మూసెయ్యాలట. "విచారణ తేలేలోపు మేం మునిగిపోతాం కదే" అంది అక్క, దావా కాగితాలు వచ్చిన రోజున. అందులో అబద్ధమేమీ లేదు. దర్జీ కత్తెర కోసం విచారణ తేలేదాకా ఆగడు, పక్క కొట్టుకు పోతాడు.

పిటిషన్ పట్టుకుని లాయరమ్మ ఆఫీసుకు వెళ్లేసరికి పెద్దాయన అప్పటికే జవాబు తయారు చేయించి పెట్టాడు. ఆయన గది నిండా పుస్తకాలు, పుస్తకాల మీద దుమ్ము, దుమ్ము మీద ఆయన కళ్లజోడు. మంచి మనిషి. కోర్టులో ఆయన లేచి నిలబడితే ఎదుటివాళ్లకు చెమటలు పట్టేవి. ఆమెకు చేతిలో డిగ్రీ, వేళ్ల మీద సుత్తి కాయలు తప్ప ఏమీ లేని రోజుల్లో, ఏ ప్రశ్నా అడక్కుండా ఉద్యోగమిచ్చాడు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఆఫీసు వెబ్‌సైట్లో ఆమె గురించి రాసిన చోట, ఆ ఏడేళ్లకు "ప్రైవేటు ఉద్యోగం" అనే రెండు ముక్కలే ఉన్నాయి. ఆ రెండు ముక్కలూ ఆమె స్వయంగా రాసుకున్నవే. సాటి లాయర్లు క్యాంటీన్లో నవ్వుకుంటారని సిగ్గుపడి రాసుకుంది.

"ఇదిగోనమ్మాయ్, నువ్వో సంతకం పడేస్తే చాలు, వాళ్ల పిటిషన్ గాలికి కొట్టుకుపోతుంది" అన్నాడు పెద్దాయన హుషారుగా.

ఆమె చదివింది. "నేను హెల్పరును మాత్రమే. చేతిసాయం తప్ప నాకు ఏ పనీ అప్పగించలేదు. జోడింపు మెలకువలేవీ నాకు తెలియవు."

"ఇది అబద్ధం కదా సర్."

"అబద్ధమెలా అవుతుంది? వాళ్ల రికార్డే ఆ మాట చెబుతోంది. చేరింది హెల్పరుగా, మానేసింది హెల్పరుగా. వాళ్లు రాసుకున్న మాటనే మనం వాళ్ల మొహాన కొడుతున్నాం. నువ్వు కేసులో ఉండాలా వద్దా?"

ఉండాలి. అదే కదా బాధ. ఈ కేసులో ఉండడం కోసం ఆమె తిండీ నిద్రా సరిగ్గా చూసుకోలేదు. చేతిలో పెన్ను ఉంది, కింద గీత ఉంది, గీత పక్కన ఆమె పేరు టైపు చేసి ఉంది. ఆమె పెన్ను కాగితం మీద ఆనించింది కూడా. అప్పుడు తట్టింది.

"సర్, నేను హెల్పర్ని కాబట్టి నాకేమీ తెలియదని రాస్తే, అక్క కూడా హెల్పరే కదా?"

"అయితే?"

"హెల్పర్లకు ఏమీ తెలియదని మనమే ఒప్పుకున్నట్టు. మరి అక్కకు ఈ పని ఎలా వచ్చిందని జడ్జిగారు అడుగుతారు. దొంగిలించిందని వాళ్లంటారు. మనం నోరు మూసుకోవాలి."

పెద్దాయన కళ్లజోడు కోసం వెతికాడు. అది కళ్లకే ఉంది.

"నేను కేసులో మిగులుతాను, అక్క షెడ్డు మిగలదు" అంది లాయరమ్మ. "వాళ్లు చేసిన పొరపాటు చూడండి సర్. నన్ను గెంటాలనే తొందరలో, ఒక హెల్పరుకు సాటిలేని పని వచ్చని ప్రమాణం చేసి చెప్పారు. అది ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఎలా వచ్చిందో నేను చెబుతాను."

"ఎక్కణ్ణుంచి చెబుతావు? లాయరు సాక్ష్యం చెప్పకూడదు. చెబితే లాయరుగా ఉండకూడదు. ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు. బోనులోంచి చెబుతాను."

పెద్దాయన మొహం చిన్నబోయింది. "ఇదొక్కటే కాదమ్మాయ్. నువ్వు సుత్తి పట్టుకుని పనిచేశావని ఊరంతా తెలుస్తుంది. రేపు పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు నీ దగ్గరికి రావద్దూ?" అన్నాడు. ఆయన మాట్లాడింది ఆమె మంచికోరే. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది.

ఆ కాగితాన్ని మడిచి ఆయన బల్ల మీదే పెట్టేసి, తిన్నగా షెడ్డుకు వెళ్లింది.

షెడ్డులో ఎప్పటిలాగే సుత్తులు మాట్లాడుకుంటున్నాయి. తలుపులు బార్లా తీసి, బల్లలన్నీ వెలుతురు వైపు తిప్పి పెట్టుకున్నారు. అక్క ఒక కత్తెరను పైకెత్తి, ఒక కన్ను మూసి చూస్తోంది. లాయరమ్మ చెప్పిందంతా అలా చూస్తూనే విన్నది. విని కత్తెర కింద పెట్టి విరుచుకుపడింది.

"నన్ను నట్టేట్లో వదిలేసి పోతావా? నిన్ను చూసుకునే కదే నేనింత ధైర్యం చేసింది! ఆ ముసలాయన నా కేసు చూస్తాడా? మొన్న వచ్చి కత్తెర ఇలా పట్టుకో బాబూ అంటే, పాము పిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు!"

"నేనుంటే నువ్వు దొంగవవుతావు అక్కా."

"అయితే అవుతాను. నువ్వు లాయరు కావడానికి ఎన్ని తిప్పలు పడ్డావో నాకు తెలియదా? నల్లకోటు వేసుకుని మొదటిసారి నా దగ్గరికొచ్చిన రోజు నేను ఇంటికెళ్లి ఏడ్చానే! దాన్నిప్పుడు నా మూలంగా విప్పేస్తానంటావా?"

షెడ్డులో సుత్తులు ఆగిపోయాయి. ఆడవాళ్లంతా తలలు వంచుకుని, చెవులు మాత్రం ఇటు పడేశారు.

"విప్పేది ఈ ఒక్క కేసుకే" అంది లాయరమ్మ. "ఆ సంతకం పెడితే మాత్రం, ఏడేళ్లు ఆ బల్ల ముందు ఎవరూ కూర్చోలేదని నేనే రాసిచ్చినట్టు. నువ్వు నాకు ఏమీ నేర్పలేదని రాసిచ్చినట్టు. నా చేత్తో ఆ పని చెయ్యలేను అక్కా. నువ్వు తిట్టు, కొట్టు, చెయ్యను."

అక్క తిట్టలేదు, కొట్టలేదు. ముక్కు చీదుకుని, "మొండిఘటానివి. అప్పుడూ ఇంతే, వంపు కుదరకపోతే రోజంతా ఒకే జత పట్టుకు కూర్చునేదానివి" అని మళ్లీ సుత్తి అందుకుంది. ఆవిడ ఒప్పుకోవడమంటే అంతే.

ఇంట్లో అమ్మకు చెప్పడం ఇంకా కష్టమైంది. పెళ్లి చూపుల నాడు "మా అమ్మాయి ఆఫీసులో చేసేది" అని వియ్యాలవారికి కోసిన కోతను అమ్మ ఇప్పటికీ కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తోంది. అల్లుడికి నిజం ఎప్పుడో తెలుసు. అతనికి తెలుసని అమ్మకు తెలియదు. అన్నీ విని, అమ్మ స్టవ్ వైపు తిరిగింది.

"మీ అత్తగారికి తెలుస్తుందిగా?"

"తెలుస్తుంది."

"నా పరువు గంగలో కలుస్తుందిగా?"

"కలుస్తుందమ్మా."

"సరే, ఎలాగూ కలిపేటప్పుడు తల దించుకుని కలపకు. ఎత్తుకుని చెప్పు. ఆ పని పెట్టిన తిండితోనే కదా ఈ ఇల్లు నిలబడింది" అంది అమ్మ, ఇటు తిరక్కుండానే.

విచారణ రోజు కోర్టు హాలు కిక్కిరిసింది. కంపెనీ లాయరును అందరూ తేనెగొంతు అంటారు. ఆయన తిట్టినా పొగిడినట్టే ఉంటుంది. లేచి, ఆమె పనితనాన్ని మరోసారి నోరారా పొగిడి, ఇంతటి మనిషి ఎదుటి పక్షాన ఉండడం తన కక్షిదారుకు ఎంత ప్రమాదమో వర్ణించి వర్ణించి చెప్పాడు. పక్కన మేనేజరు తల ఊపుతూ కూర్చున్నాడు.

జడ్జిగారు నడివయసు ఆవిడ, ఎక్కువ మాట్లాడరు. "మీ జవాబు?" అన్నారు.

లాయరమ్మ లేచింది. "పిటిషన్లో నా పని గురించి రాసిన ప్రతి మాటా నిజం మేడమ్. నేను వ్యతిరేకించడం లేదు. ఈ కేసులోంచి లాయరుగా తప్పుకుంటున్నాను."

తేనెగొంతు మొహం విప్పారింది. అది విప్పారుతుండగానే ఆమె మిగతాది చెప్పింది. "సాక్షిగా నా మాట వినమని కోరుతున్నాను."

కోటు విప్పి పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకున్నాడు. లాయర్ల బల్లకూ బోనుకూ మధ్య దూరం పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఆ కాస్త దూరం నడిచేటప్పుడు, తను రోజూ టీ తాగే స్నేహితుల చూపులన్నీ వీపు మీద పాకుతున్నట్టనిపించింది ఆమెకు. బోనెక్కి తల ఎత్తుకుంది.

పెద్దాయన అడగవలసింది అడిగాడు. తర్వాత తేనెగొంతు వంతు వచ్చింది. పాపం, ఆయన ఇరుకున పడ్డాడు. ఆమె గొప్ప పనిమంతురాలని ఇప్పుడే అన్నాడు. కాదంటే పిటిషన్ అబద్ధమవుతుంది.

"పిటిషన్లో కాస్త అతిశయోక్తి దొర్లి ఉండొచ్చు" అన్నాడు నీళ్లు నములుతూ.

"ప్రమాణం చేసి ఇచ్చిన మాటల్లో అతిశయోక్తి ఏ లైను నుంచి ఏ లైను దాకానో చెబితే రాసుకుంటాను" అన్నారు జడ్జిగారు.

ఆయన ఆ దారి వదిలేశాడు. ఇంకోటి పట్టుకున్నాడు. "సరే. మీరు పనిమంతులే. ఆ పని మీకు నేర్పింది కంపెనీయే కదా?"

"కాదు. అక్క నేర్పింది. అక్కకు తనకంటే ముందు ఆ బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ నేర్పింది. ఆవిడకు చూపించినవాళ్లు ఎవరూ లేరు. దర్జీ అయిన భర్త తిట్లు వింటూ, చేసి చెడగొట్టి నేర్చుకుందని చెప్పుకునేవాళ్లు."

"చేరిన రోజున మీకు శిక్షణ ఇచ్చి ఉంటారు కదా?"

"ఇచ్చారు. బాత్రూంకు వెళ్లేముందు చెప్పి వెళ్లమన్నారు."

హాల్లో నవ్వులు. తేనెగొంతు కూడా మర్యాదగా నవ్వి, ఆఖరి అస్త్రం తీశాడు. "నేర్పినా నేర్పకపోయినా, ఆ గది కంపెనీది. పర్యవేక్షణ కంపెనీది. మేనేజరుగారు రోజూ ఆ గదిలోకి వచ్చి పని చూసేవారు. అవునా, కాదా?"

"వచ్చేవారు."

"ఆ మాట గట్టిగా చెప్పండి."

"రోజూ వచ్చేవారు" అంది లాయరమ్మ గట్టిగా. "కిటికీలు మూయించడానికి వచ్చేవారు. పని మానేసి వీధిలోకి చూస్తున్నామని కేకలేసేవారు. మేం చూసేది వీధిని కాదు మేడమ్. రెక్కల సందు లైటు కింద కనిపించదు. కిటికీ వెలుతురుకు ఎత్తితేనే కనిపిస్తుంది. అది చూడకుండా కత్తెర జోడించడం ఎవరి వల్లా కాదు. ఆయన మూయించి వెళ్లేవారు, మేం మళ్లీ తీసుకునేవాళ్లం. నేనున్న ఏడేళ్లూ ఇదే తంతు. ఒక్కసారైనా ఎందుకు తీస్తున్నారని ఆయన అడగలేదు."

జడ్జిగారు రాయడం ఆపారు. "మేనేజరుగారూ, కిటికీలు మూయించేవారా?"

మేనేజరు లేచాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ మాటకొస్తే అందులో తప్పేముందో కూడా అతనికి ఇంకా తెలియలేదు. "అవునండీ. క్రమశిక్షణ కోసం" అన్నాడు గర్వంగా.

తేనెగొంతు కళ్లు మూసుకున్నాడు.

బోను దిగాక లాయరమ్మ అలవాటుగా లాయర్ల బల్ల వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆ చోటు ఇక ఈ కేసులో ఆమెది కాదు. వెనక బెంచీల్లో, జనంలో, అక్క పక్కకు వెళ్లి కూర్చుంది. పెద్దాయన లేచి మిగిలిన వాదన మొదలుపెట్టాడు. మధ్యలో కత్తెర మొన గురించి ఏదో తప్పు చెప్పాడు. ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. నాలుక కొరుక్కుని, ఒళ్లో చేతులు బిగించుకుని కూర్చుంది. తన కేసు ఇంకొకరి నోట నడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ పూట తెలిసింది. కళ్లు నిండిపోయాయి, తుడుచుకోలేదు.

జడ్జిగారు తీర్పు అక్కడికక్కడే చెప్పి రాయించారు. తనకు ఫలానా రహస్యం ఉందంటున్న కంపెనీకి, అది చూసే కిటికీ ఎందుకో కూడా తెలియదన్నారు. పనివాళ్లు ఒకరికొకరు నేర్పుకున్న చేతిపని వాళ్లదేననీ, వాళ్లెక్కడికి వెళితే అక్కడికి వాళ్లతోనే వెళుతుందనీ అన్నారు. సాక్షి మాటలు పూర్తిగా నమ్ముతున్నానన్నారు. షెడ్డు మూయించమన్న కోరికను కొట్టేశారు.

ఆ కోర్టు భాష అక్కకు సగమే అర్థమైంది. లాయరమ్మ మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఏమందే?"

"షెడ్డు తెరిచే ఉంటుంది అక్కా."

అక్క ఊపిరి పీల్చుకుంది. అవతలి బెంచీలో ఆడవాళ్లు ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకున్నారు. అంతలో అక్కకు మళ్లీ బెంగ పుట్టింది.

"మరి నీ సంగతేమంది? ఇక నువ్వు నాకు లాయరువి కాదా?"

"కాను."

"మరేమవుతావే నాకు?"

"నీ దగ్గర పని నేర్చుకున్నదాన్ని" అంది లాయరమ్మ. "కోర్టు రాసుకుంది."